గెస్టు ప్లేయర్

పెరట్లో చిన్న పీట మీద కూర్చుని, కుడికాలు బూడిద గంప దాకా చాపుకుని, బాలమణి అంట్లు తోముతోంది. మోకాలు పూర్తిగా మడిస్తే లోపల ఏదో పక్కకు జారుతుంది. జారిందంటే ఆ పూటంతా గోడ పట్టుకుని నడవాలి. అందుకే ఒక కాలు మడిచి, ఒక కాలు చాపి, నడుం వంచి అందినంతవరకు తోముతోంది. అరుగు మీద బియ్యం చెరుగుతున్న అత్త కిష్టవ్వ చేట ఆపి చూసింది.

"కాళ్లు జాపుకోని బోళ్లు తోముడు నా పుట్టుకల సూడలే. ఎవలన్న వస్తే ఏమనుకుంటరు పిల్లా. జర లోపలికి గుంజుకో."

బాలమణి గుంజుకుంది. గుంజుకోవడం పెద్ద కష్టం కాదు, తర్వాత లేవడమే కష్టం. ఆ మాట అత్తతో అంటే, "మా కాలంల మాకు మోకాళ్లు లెవ్వా" అంటుంది. వాడకట్టులో ఎవరడిగినా కిష్టవ్వ తన కోడలు స్నానం చేసే కాడ జారిపడిందనే చెబుతోంది. ఆటలో దెబ్బ తగిలిందంటే, ఏం ఆట, ఏం బట్టలేసుకుని, ఎవరి ముందు అని ప్రశ్న మీద ప్రశ్న పుడుతుంది కదా. పదమూడేళ్లు ఆడిన ఆట గురించి గానీ, ఆ ఆట పోగొట్టిన మోకాలు గురించి గానీ ఆ ఇంట్లో ఎవరూ ఉన్నదున్నట్టు చెప్పుకోలేదు.

సిద్దిపేట బాలికల హైస్కూల్లో తొమ్మిదో తరగతికొచ్చేసరికి బాలమణి టీచర్లందరికంటే పొడుగు. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి సిద్ధయ్య మగ్గం నేసేవాడు. "ఇంత పొడుగు పిల్లకు పిలగాన్ని ఏడ తేవాలె" అని వచ్చినవాళ్లంతా ఆయన్ని అడిగేవాళ్లు. ఆ మాట వినీ వినీ బాలమణి భుజాలు ముందుకు వంచి, మెడ లోపలికి లాక్కుని నడవడం నేర్చుకుంది. డ్రిల్లు టీచరు షమ్షున్నీసా ఒకరోజు వెనకనుంచి వచ్చి వీపు మీద చరిచింది. "సీదా నిలబడు బేటా. అల్లా ఇచ్చిన ఎత్తును ఎందుకు దాస్తున్నవ్? ఎవరి సొమ్మన్న దొంగతనం చేసినవా?" అంది. స్కూలు వెనక ఇనప స్తంభానికి బిగించిన బాస్కెట్‌బాల్ రింగు ఒకటుండేది. దాని కింద నిలబెట్టి చేతికి బంతి ఇచ్చింది. పొడుగ్గా ఉన్నందుకు ఎవరూ ముఖం చిట్లించని జాగా లోకంలో ఒకటుందని బాలమణికి అప్పుడే తెలిసింది.

బంతిని బుట్టలో వేయడంలో ఆమెకు గొప్ప నేర్పేమీ లేదు. వేరేవాళ్లు వేసి, తప్పిపోయి, రింగుకు తగిలి తిరిగివచ్చే బంతుల్ని నలుగురి మధ్యలోంచి ఎగిరి అందుకోవడమే ఆమె పని. అందుకుని, మోచేతులు అడ్డం పెట్టి కాపాడి, బుట్టలో వేయగలిగినవాళ్లకు అందించాలి. పక్కటెముకల్లో దెబ్బలు పడతాయి. చప్పట్లు, పేపర్లో పేరు బుట్టలో వేసినవాళ్లవి. బాలమణికి అందులో బాధేమీ ఉండేది కాదు. గాల్లో బంతి రెండు చేతుల్లోకి వచ్చి పడే ఆ క్షణం ఆమెకు చాలు. ఆ క్షణంలో తను ఎవరి బిడ్డో, ఎవరి ఇంటికి పోవలసినదో ఏదీ గుర్తుండేది కాదు.

పంతొమ్మిదో ఏట హైదరాబాదులో ఒక ఫ్యాన్ల కంపెనీ జట్టులోకి తీసుకున్నారు. పొద్దున ఫ్యాన్లు డబ్బాల్లో సర్దడం, సాయంత్రం ఆట. రెండేళ్లకు కంపెనీ ఆడవాళ్ల జట్టును ఎత్తేసింది. తర్వాత గుంటూరు వైపు ఒక సిమెంటు కంపెనీ. అక్కడి పిల్లలు ఆమె "వచ్చిన, పోయిన" అంటే నవ్వేవాళ్లు. ఒకమ్మాయి రోజూ అన్నం దగ్గర ఆ మాటలు అనిపించి మరీ నవ్వేది. ఆ తర్వాత సికింద్రాబాదులో ఒక కార్పొరేషన్ జట్టులో టెంపరరీ ఉద్యోగం. "రెండేళ్లలో పర్మనెంట్ చేస్తాం" అన్నారు. ఆ మాట సిద్దిపేట దాకా వచ్చి, ఎరువుల దుకాణంలో గుమాస్తా దత్తాత్రి ఇంట్లో పడింది.

పెళ్లిచూపుల్లో దత్తాత్రి అడిగిన ప్రశ్న ఒక్కటే. "పర్మనెంట్ ఎప్పుడైతది?" అప్పుడు ఆమెకు అందులో తప్పేం కనిపించలేదు. ఆడుకోనిస్తానన్నాడు, అదే పెద్ద వరం అనుకుంది. తండ్రి కూడా ఆ మాటే పట్టుకుని, పెళ్లి చేసేసి, మగ్గం మూలకు పెట్టి, భీవండి పవర్లూములకు వెళ్లిపోయాడు. అట్లా సిద్దిపేటలో బాలమణికి అత్తిల్లు తప్ప ఇంకో గడప లేకుండా అయింది. వారమంతా సికింద్రాబాదు హాస్టలు, శనివారం సాయంత్రం బస్సెక్కి ఇల్లు. ఆదివారం వారంనాటి బట్టలు, పిండి దంచడం, ఇల్లు అలకడం అన్నీ ఆమె కోసమే ఆగి ఉండేవి. "వారం దినాలు ఆడుకోని వస్తున్నవు, ఇంట్ల ఒక్క దినం పని జేస్తే అరిగిపోతవా" అనేది కిష్టవ్వ. జీతం మాత్రం ఏ వారమూ ఆగేది కాదు, నేరుగా దత్తాత్రి చేతికే వెళ్లేది. జట్టు గెలిచినప్పుడు ఒకసారి పేపర్లో ఫోటో పడింది, అందరూ నిక్కర్లలో వరసగా నిలబడి. దత్తాత్రి ఆ పేపరును దుకాణంలోంచి తెచ్చి, మడిచి మడిచి అరచేతిలో పట్టేంత చేసి, "పేరు రాస్తే సాలదా, బొమ్మ ఎందుకు ఏయించుకుంటరు" అని పొయ్యిలో పెట్టాడు.

అతను ఆమె ఆట చూసింది ఒక్కసారే. దుకాణం వాళ్లను ఇద్దర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ రోజు బాలమణి అంతకుముందెప్పుడూ ఆడనంత బాగా ఆడింది. అవతలి జట్టులో ఆమెకంటే పొడుగైన పిల్లను రింగు దగ్గరకు రానియ్యలేదు. తిరిగొచ్చిన బంతుల్లో సగానికి పైగా ఆమె చేతికే వచ్చాయి. కోచ్ వచ్చి భుజం మీద చెయ్యి వేసి ఏమీ అనకుండా నిలబడ్డాడు, అది ఆయన మెచ్చుకోలు. బస్సులో కిటికీ పక్కన దత్తాత్రి ముఖం ముడుచుకుని కూర్చున్నాడు.

"ఒక్క గోలు గూడ ఎయ్యకపోతివి. మావోళ్ల ముంగట నాకేమన్న ఇజ్జతున్నదా?"

"బంతి తెచ్చి ఇచ్చింది నేనే గద."

"ఇచ్చుడు ఎవలైన ఇస్తరు."

శామీర్‌పేట దాటేవరకు ఆమె ఆ మాట గురించి ఆలోచించింది. కోపం రాలేదు. తను ఇంట్లో చేసేదీ ఆ పనే, అక్కడా ఎవరైనా చేస్తారనే అంటారు అని మాత్రం తోచింది.

పెళ్లయిన ఏడాది తిరగకముందే కిష్టవ్వ కడుపు సంగతి మొదలుపెట్టింది. "ఆటలాడి ఆడి గర్భం ఎండిపోయిందేమో సూపియ్" అని కొడుక్కు ఎదురుగానే అనేది. రజిత పుట్టింది. నెలలు నిండకముందే ఆట మానేసిన బాలమణి, పాపకు అయిదో నెల రాగానే సికింద్రాబాదుకు వెళ్లింది. అక్కడ పర్మనెంటు ఉద్యోగం కొత్తగా వచ్చిన పిల్లకు ఇచ్చేశారు. ఆఫీసరు మంచివాడే, కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. "పెళ్లయింది, పాప పుట్టింది. ఇంకెన్నేళ్లు ఆడతావమ్మా" అన్నాడు. ఇంటికొచ్చి చెబితే దత్తాత్రి తల పట్టుకున్నాడు. "బిడ్డను ఇంగో రెండేండ్లు ఆపితే అయిపోవు" అన్నాడు. పక్కనే ఉన్న కిష్టవ్వ ఔనన్నట్టు తలాడించింది. బాలమణి ఆ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. బిడ్డ కోసం తొందరపెట్టింది తామేనని వాళ్లకు నిజంగానే గుర్తులేదని ఆమెకు అర్థమైంది.

ఆ తర్వాత ఆమె గెస్టు ప్లేయర్ అయింది. జట్టులో ఎవరికో దెబ్బ తగులుతుంది, ఎవరికో పెళ్లవుతుంది, ఎవరో నెల తప్పుతారు. ఆ ఖాళీలో ఒక్క టోర్నమెంటుకు ఆడిపెట్టే మనిషి కావాలి. ఎరువుల దుకాణానికి ఫోనొస్తుంది, బేరం దత్తాత్రి మాట్లాడతాడు, ఆమె బ్యాగు సర్దుకుంటుంది. నాగపూర్, భిలాయ్, ఇంకా పేర్లు గుర్తులేని ఊళ్లు. వెళ్లగానే ఎవరిదో జెర్సీ ఇస్తారు. టోర్నమెంటు అయ్యాక ఉతికి, ఆరేసి, తిరిగి ఇచ్చి రావాలి. గెలిచినా కప్పుతో తీసే ఫోటోలో గెస్టులు ఉండరు. భిలాయ్‌లో మొదటిసారి ఆడినప్పుడు రజిత ఇంకా పాలు తాగుతోంది. చీర చింపి ఛాతీకి బిగించి కట్టుకున్నా, రెండో సగంలో జెర్సీ ముందంతా తడిసిపోయింది. గ్యాలరీలో ఎవరో ఈల వేశారు. బాలమణికి కళ్ల ముందు మైదానం అలుక్కుపోయింది. జట్టు కెప్టెను పరుగున వచ్చి తన కోటు ఆమె భుజాల మీద కప్పి, లోపలికి తీసుకుపోయింది. ఆమె పేరు కూడా బాలమణి సరిగ్గా అడగలేదు. లోపల గోడకు నుదురు ఆనించి, వాష్‌బేసిన్‌లోకి పాలు పిండుకుని, మళ్లీ గుడ్డ కట్టుకుని, మిగిలిన ఆట ఆడింది. ఇంటికొస్తే రజిత కిష్టవ్వ ఒళ్లోంచి దిగలేదు. మాటలొచ్చాక కిష్టవ్వను అమ్మ అంది, బాలమణిని హైద్రాబాద్ అమ్మ అంది. ఆమె హైదరాబాదులో లేకపోయినా ఆ పేరే స్థిరపడింది.

నాందేడులో, తొంభై రెండు చలికాలంలో, బంతి కోసం ఎగిరి ఎవరి పాదం మీదో దిగింది. మోకాల్లో పచ్చికట్టె విరిచినట్టు చప్పుడైంది. ఆ చప్పుడు తను ఒక్కతే విన్నదనుకుంది, కానీ రిఫరీ ముఖం చూస్తే అందరూ విన్నారని తెలిసింది. జట్టు ఫైనలుకు వెళ్లింది. మేనేజరు లాడ్జి గది దగ్గరకొచ్చి, "గెస్టులకు దవాఖాన ఖర్చు మా రూల్స్‌లో లేదమ్మా" అని ఎంతో మర్యాదగా చెప్పాడు. నిజామాబాదుకు ఒక బస్సు, కామారెడ్డికి ఇంకోటి, సిద్దిపేటకు మరోటి. ఎక్కినచోటల్లా కండక్టరు తొందరపెట్టాడు. ఇల్లు చేరేసరికి కాలు మోకాలి దగ్గర కుండలా ఉబ్బింది.

చిన్నకోడూరు నుంచి మల్లయ్య అనే ఆయన వచ్చి పసరు కట్టు కట్టాడు. వాపు తగ్గింది గానీ కాలు నిలవలేదు. సంక్రాంతి పోయాక దత్తాత్రి ఆమెను హైదరాబాదులో సర్కారు పెద్ద దవాఖానకు తీసుకెళ్లాడు. డాక్టరు మోకాలు అటూ ఇటూ వంచి చూసి, ఆమెతో కాకుండా దత్తాత్రితో మాట్లాడాడు. లోపల లిగమెంటు తెగింది, ఆపరేషన్ చేస్తే బాగవుతుంది, ఇక్కడ ఖర్చు పెద్దగా ఉండదు, కానీ మూడు నెలలు కాలు కింద పెట్టకుండా మనిషి సాయంతో ఉండాలి అన్నాడు.

"చెయ్యకుంటే ఏమైతది సారూ?" దత్తాత్రి అడిగాడు.

"ఆడడం కుదరదు. మామూలుగా నడుస్తుంది. అప్పుడప్పుడు జారుతుంది. నలభై వచ్చేసరికి అరిగిపోయి కర్ర పట్టుకోవాల్సొస్తది."

"ఇంటి పనికైతే సరిపోతది గద?"

డాక్టరు చీటీ మడుస్తూ, "సరిపోతది" అన్నాడు.

బల్ల మీద చీర మోకాలి పైకి ఎత్తిపెట్టుకుని బాలమణి కూర్చునే ఉంది. ఇద్దరు మగవాళ్లు ఆమె కాలును మధ్యలో పెట్టుకుని, అది దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో తేల్చుకున్నారు. ఇద్దరిలో ఒక్కరూ తలెత్తి ఆమె ముఖం వైపు చూడలేదు. "మూడు నెలలు మంచంల పడితే ఇల్లెవరు సూస్తరు, మా అవ్వకా వయసైంది" అని దత్తాత్రి సంజాయిషీ చెబుతుంటే డాక్టరు ఇంకో రోగిని పిలిచాడు. బాలమణి చీర కిందికి దించుకుంది. ఆ రోజు నుంచీ ఇంటి పనికి సరిపోయే కాలుతో ఇంటి పని చేస్తోంది.

ఇప్పుడు మాఘమాసం. అంట్లు తోమి, గోడ పట్టుకుని లేచి, పొయ్యి మీద ఎసరు పెట్టేసరికి దత్తాత్రి వేళ కాని వేళ ఇంటికొచ్చాడు. చేతిలో మిరపకాయ బజ్జీల పొట్లం ఉంది. చాలా రోజుల తర్వాత అతని ముఖంలో వెలుగు కనిపించింది.

"ఫోనొచ్చింది. చక్కెర ఫ్యాక్టరీ టీమట. నిజామాబాద్ల టోర్నమెంటు, పది దినాలు. పొడుగు మనిషి కావాల్నట. మంచిగ ఆడితే ఈసారి ఉద్యోగం పక్కా అంటున్రు."

బాలమణి అతని వైపు చూసింది. "డాక్టరు ఆడొద్దన్నడు గద."

"ఎప్పటికీ ఆడుమంటున్ననా? పట్టీ గట్టిగ కట్టుకో. సూది ఏస్తే నొప్పి గూడ తెల్వదట, మేనేజరే చెప్పిండు. ఒక్కసారి పోయిరా."

"మోకాలు మొత్తమే పోతే?"

"గట్ల ఎందుకు అశుభం మాట్లాడుతవ్. పది దినాలకేమైతది."

అతను బజ్జీ కొరికి రజితకు సగం పెట్టాడు. బాలమణి పొయ్యి దగ్గర నిలబడే ఉంది. అతను చెడ్డవాడేమీ కాదని ఆమె ఎప్పుడూ అనుకునేది. ఇప్పుడూ అలాగే అనుకుంది. తాగడు, కొట్టడు. అయినా బాగుచేసుకోవడానికి మూడు నెలలు దొరకని కాలుకు, ఆడిరావడానికి పది రోజులు దొరికాయి. అది అతనికి వింతగా అనిపించలేదు. అబద్ధమాడుతూ దొరికిపోయినవాడి ముఖమైనా కాదది. మామూలుగా ఉంది, మంచినీళ్లు తాగుతున్నంత మామూలుగా. అతని మామూలుతనమే ఆమెను కదిలించింది. అరిచి ఉంటే బహుశా ఎప్పటిలాగే బ్యాగు సర్దుకునేది.

మర్నాడు నీళ్లకని బిందె పట్టుకుని బయల్దేరి, బిందెను బోరింగు దగ్గర పెట్టి, నెమ్మదిగా షమ్షున్నీసా టీచరు ఇంటికి నడిచింది. టీచరు రిటైరై నాలుగేళ్లయింది. ఒంటరిగా ఉంటుంది. గుమ్మంలో మేకకు ఆకు వేస్తూ బాలమణి నడకను దూరం నుంచే చూసి, చేతిలోని కొమ్మ కింద పడేసింది. లోపల కూర్చోబెట్టి అంతా విన్నది. డాక్టరు మాట, దత్తాత్రి మాట, నిజామాబాదు ఫోను.

"నీకేం కావాలె?" అంది.

అంతవరకు ఆ ప్రశ్న వేసినవాళ్లు లేక, బాలమణి జవాబు ఎక్కడ పెట్టుకుందో వెతుక్కోవలసి వచ్చింది.

"దవాఖానల నా తాన ఉండెటందుకు ఒక మనిషి కావాలె టీచర్. గంతే."

"నేనొస్త. నాకేమున్నది ఇంట్ల, ఈ మేక తప్ప. దీన్ని పక్కింట్ల ఇడిచిపెడత."

ఆ సాయంత్రం దత్తాత్రి అన్నం తిని చెయ్యి కడుక్కున్నాక చెప్పింది. గోడకు ఆనుకుని నిలబడింది.

"నేను నిజామాబాద్ పోను. దవాఖానకు పోతున్న. ఆపరేషన్ చేయించుకుంట. షమ్షున్నీసా టీచర్ వెంట ఉంటది."

మొదట కిష్టవ్వకే మాట వచ్చింది. "మూడు నెలలు ఇల్లెవరు సూస్తరు?"

"నేను ఊర్లల్ల ఆడంగ ఎవరు సూసిన్రు అత్తమ్మా? గిప్పుడు గూడ గట్లనే."

"గప్పుడు పైసలొస్తుండె పిల్లా" అంది కిష్టవ్వ. ఆ మాటలో కోపం లేదు, దాపరికమూ లేదు. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో ఎవరైనా ఉన్నదున్నట్టు చెప్పిన మొదటి మాట అది. బాలమణికి అత్త మీద ఒక్క క్షణం గౌరవం లాంటిది కలిగింది.

దత్తాత్రి లేచి కండువా దులిపాడు. "ఫోన్ల మాట ఇచ్చిన నేను. నా మాటకు ఇలువ లేదన్నట్టేనా? పోతే పో. మల్ల ఈ గడప తొక్కేటప్పుడు మాత్రం అడిగి తొక్కు."

అన్ని జట్లూ ఆమెను పంపించేశాయి. ఒకరు కుర్చీ వేసి, ఒకరు లాడ్జి గుమ్మంలో నిలబడి, అందరూ మర్యాదగానే. పంపించేసిన ప్రతిసారీ నేల కింద నుంచి జారినట్టుండేది. ఇప్పుడూ భయమేసింది. రాత్రి రజిత పక్కన పడుకుని పాప వీపు మీద చెయ్యి వేసుకుని ఏడ్చింది కూడా. కానీ పొద్దున లేచాక నిర్ణయం అలాగే ఉంది.

టీచరు రిక్షా తీసుకుని వచ్చింది. దత్తాత్రి అప్పటికే దుకాణానికి వెళ్లిపోయాడు. కిష్టవ్వ లోపల్నుంచి బయటకు రాలేదు. అరుగు మీద రజిత చింతగింజలు ఆడుతోంది. అయిదో ఏడు ఇంకా నిండలేదు, అప్పుడే కాళ్లు పొడుగ్గా సాగుతున్నాయి.

"హైద్రాబాద్ అమ్మా, ఆటకు పోతున్నవా?"

"కాదు బిడ్డా. కాలు బాగుచేయించుకునేటందుకు."

"ఎప్పుడొస్తవ్?"

ప్రతిసారీ తొందరగా వస్తాననే చెప్పేది. ఈసారి రిక్షా కొయ్య పట్టుకుని ఆగింది.

"మంచిగ నడుసుడు వచ్చినంక వస్త. గీ ఇంటికే వస్తనో, ఇంకేడ ఉంటనో నాకు తెల్వది. నీ తానికైతే వస్త."

రజిత సరేనని గింజలు ఎగరేసింది. పాపకు ఎంత అర్థమైందో తెలియదు. బస్సు కొండపాక దాటేదాకా బాలమణి ఆ పిల్ల చేతివైపే చూస్తున్నట్టుండిపోయింది.

ఆడవాళ్ల వార్డులో కిటికీ పక్క మంచం దొరికింది. ఆపరేషన్ అయ్యాక నొప్పి ఎవరికీ చెప్పలేనంతగా ఉంది. టీచరు కింద చాప మీద పడుకునేది, మలమూత్రాలకు ఎత్తేది, పొద్దున పక్క మంచాలవాళ్లకు కూడా చాయ్ తెచ్చేది. దత్తాత్రి రాలేదు. భీవండి నుంచి తండ్రి ఒకసారి వచ్చి, మంచం పక్కన దగ్గుతూ కూర్చుని, "సర్దుకుపోవాల్సింది బిడ్డా" అని వెళ్లాడు.

ఒక ఉదయం డాక్టరు ముందులాగే హడావుడిగా వచ్చాడు. వెంట వైద్యం చదివే పిల్లలు. కట్టు విప్పి, మోకాలు మెల్లగా వంచి చూసి, బాగుందన్నట్టు తలూపాడు. అప్పుడు మొదటిసారి ఆమె ముఖం వైపు చూశాడు.

"నువ్వు బాస్కెట్‌బాల్ ప్లేయర్‌వి కదమ్మా. మళ్లీ ఆడాలనా?"

"లేదు సారూ. ఇగ ఆడ."

"మీవాళ్లు చేయించుకోమన్నారా?"

"చేయించుకోమనలే."

ఆయన కట్టు మళ్లీ చుట్టడం ఆపాడు. "మరి ఎవరి కోసమమ్మా ఇంత బాధ?"

బాలమణి ఒక్కసారి తన కాలు వైపు చూసుకుంది. కుట్లు ఎర్రగా, వంకరగా ఉన్నాయి.

"నా కాలు గద సారూ" అంది.